ఐదేళ్ళుగా ఒక్క మొగ్గ లేదు: తిరుపతి మిద్దె మీద కాక్టస్ పూయించినవాళ్ళు చెప్పండి

కొర్లగుంట కవిత
మా మిద్దె మీద ఏడు కాక్టస్ కుండీలు ఉన్నాయి. మొదటిది కొని ఐదేళ్ళు దాటింది. అన్నీ పచ్చగానే ఉన్నాయి కానీ ఒక్కటీ పూయలేదు. కొబ్బరికాయంత గోల్డెన్ బ్యారెల్ ఒకటి. తెల్లటి నూగుతో గుండ్రంగా ఉండే చిన్నవి రెండు, వాటి పేరు తెలియదు. ఎర్ర టోపీ పెట్టినట్టు ఉండేది ఒకటి. మూడు పలకలతో నా భుజం దాకా పెరిగింది ఇంకొకటి, దాన్ని ఎక్కడ గీకినా పాలు కారతాయి. పసుపు పువ్వుతో సహా కొన్న చిన్న కుండీ ఒకటి. ఏడోది బ్రహ్మకమలం, మా పిన్ని ఇచ్చిన ఆకు నాటితే వచ్చింది.

రోజూ పొద్దున ఒక్కో కుండీకి అర గ్లాసు నీళ్ళు పోస్తాను. రెండు నెలలకోసారి వర్మీకంపోస్టు, నెలకోసారి 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) వేస్తాను. ఇంతకన్నా ఏం చేయాలి? మా అత్తమ్మకు ముళ్ళ చెట్లు ఇంట్లో ఉండటం మొదటి నుంచీ ఇష్టం లేదు. "పూలైనా పూస్తే సరే, పూయని ముళ్ళెందుకమ్మా" అంటోంది. ఆవిడ మాట తీసేయలేను. వీటిని ఎవరికో ఇచ్చేయాలంటే మనసు రావడం లేదు.

మిద్దెతోట రాజు
రోజూ నీళ్ళా? మట్టి ఏం వాడారు మేడమ్?

కొర్లగుంట కవిత
నర్సరీలో ఇచ్చిన కొబ్బరి పొట్టు మట్టే. మార్చలేదు.

ముళ్ళకంప
సమస్య ఒక్క నీళ్ళతోనే కాదు. ఏడింటినీ ఒకే జాతి అనుకొని ఒకేలా చూస్తున్నారు. విడివిడిగా చెప్తాను.

పాలు కారేది కాక్టస్ కాదు, జెముడు. మన చేనుగట్ల మీద కనిపించే బొమ్మజెముడు కుటుంబం. చాలా కాక్టస్‌లని గీకితే నీళ్ళలాంటి రసమే వస్తుంది, జెముడులాగా అంత ధారగా పాలు కారవు. గుర్తుపట్టడానికి ఇంకో ఆనవాలు ఉంది. కాక్టస్‌లో ప్రతి ముళ్ళ గుత్తీ చిన్న దూది చుక్క లాంటి చోటు నుంచి పుడుతుంది. పువ్వు కూడా చాలావాటిలో అక్కడి నుంచే వస్తుంది. జెముడుకు ఆ దూది చుక్క ఉండదు. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, ఇంట్లో పిల్లలు ఉంటే అందకుండా పెట్టండి. దాని పువ్వు కూడా మీరు ఎదురుచూసేంత పెద్దగా ఉండదు.

గోల్డెన్ బ్యారెల్ ఇప్పట్లో పూయదు. మీ తప్పేం లేదు. అది అడుగుకు పైగా వెడల్పు కావాలి, పదిహేనేళ్ళు దాటాలి. కొబ్బరికాయ సైజు అంటే ఇంకా చంటిపిల్ల.

తెల్ల నూగు ఉన్న రెండూ మామిల్లేరియా అయ్యుంటాయి. మీ ఆశంతా వాటి మీద పెట్టుకోండి. రెండు మూడేళ్ళ వయసుకే తల చుట్టూ కిరీటంలా గులాబీ రంగు పూలు పూస్తాయి.

పీలేరు సుధ
అక్కా, ఆ పసుపు పువ్వు ఎన్నాళ్ళు ఉంది?

కొర్లగుంట కవిత
ఇప్పటికీ ఉంది. కొని ఏడాదిన్నర అయింది. కొంచెం రంగు వెలిసింది అంతే.

పీలేరు సుధ
అనుకున్నాను. అది ఎండు పువ్వు అక్కా, వేడి జిగురుతో అంటించారు. నాకూ అలాగే అమ్మారు. నేను రెండేళ్ళు దానికి దండం పెట్టినంత పని చేశాను. నిజం కాక్టస్ పువ్వు ఒక రోజో, మూడు నాలుగు రోజులో, మహా అయితే వారమో ఉంటుంది.

ముళ్ళకంప
దాన్ని లాగి పీకొద్దు. జిగురుతో పాటు నెత్తి మీద లేత కణజాలం ఊడిపోతే ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. ఎండు రేకులు కత్తెరతో కత్తిరించేయండి. జిగురు ముద్ద చెట్టు పెరిగేకొద్దీ పక్కకు జరిగి దానంతటదే వదులవుతుంది. ఇలా అమ్మడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. పువ్వు చూసి ఆశపడి కొన్న మనిషి, తర్వాత అది పూయకపోతే తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు.

మదనపల్లె చలిగాలి
నాకు పదకొండు రకాలు పూస్తున్నాయి, అందులో చలి కోరే రెబూషియా కూడా ఉంది. నేను చేసేది ఒక్కటే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చుక్క నీరు పోయను. చలిలో, ఎండు మట్టిలో నిద్రపోవాలి. నిద్ర లేకుండా మొగ్గ రాదు. మార్చిలో ఒక్కసారి నిండుగా నీళ్ళు పోస్తే మూడు నాలుగు వారాల్లో మొగ్గలు కనిపిస్తాయి. ఏ పుస్తకం చూసినా ఇదే ఉంటుంది.

అలిపిరి మెట్టు
పుస్తకం రాసినవాళ్ళకు తిరుపతి నవంబరు తెలియదు కదా అన్నా. మనకు ఏడాదిలో పెద్ద వాన పడేదే అక్టోబరు, నవంబరు నెలల్లో. మీరు నీళ్ళు పోయకపోయినా పైనుంచి వాయుగుండం పోసిపోతుంది.

నేను 2021లో పుస్తకం ప్రకారమే చేశాను. అక్టోబరు ఆఖర్న నీళ్ళు ఆపేశాను. నవంబరు మూడో వారంలో ఆ వాన వచ్చింది. ఊళ్ళో వీధులు ఏరులై పారాయి, ఘాట్ రోడ్డు మూసేశారు, అందరికీ గుర్తుండే ఉంటుంది. కిందింట్లోకి నీళ్ళు వస్తుంటే సామాన్లు ఎత్తిపెట్టడంలో రెండు రోజులు మిద్దె ఎక్కనే లేదు. ఎక్కేసరికి నలభై కుండీలు నీళ్ళలో నానుతున్నాయి. పైకి బాగానే కనిపించాయి. పది రోజుల తర్వాత ఒక్కోదాన్ని పట్టుకుంటే మొదలు దగ్గర మెత్తగా, పండిన అరటిపండులా. ముప్ఫై ఒకటి పోయాయి. అందులో ఆస్ట్రోఫైటమ్ మా నాయన విత్తనం వేసి పెంచింది. నాయన పోయాక నా చేతుల్లో ఏడేళ్ళు పెరిగింది. దాన్ని కోసి చూస్తే లోపల నారింజ రంగు కుళ్ళు పైదాకా పాకింది. కాపాడలేకపోయాను.

అప్పటి నుంచి నా లెక్క వేరు. వినాయక చవితి వెళ్ళగానే మిద్దె మీద ఇనుప ఊచలకు పారదర్శక పాలికార్బొనేట్ షీటు వేస్తాను. పక్కలు తెరిచే ఉంచాలి, గాలి ఆడాలి. నీళ్ళు పూర్తిగా ఆపేది డిసెంబరు మధ్యలో, వానలు వెనక్కి తగ్గాక. అక్కడి నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా నిద్ర. రెండు నెలలు చాలు. పోయిన ఏడాది మామిల్లేరియాలు, జిమ్నోకాలిసియంలు, ఎకినోప్సిస్ అన్నీ పూశాయి.

మదనపల్లె చలిగాలి
మీ నాయనగారి మొక్క గురించి చదివి బాధేసింది. వానల మాట ఒప్పుకుంటాను. కానీ రెబూషియా తిరుపతిలో పూయించి చూపించండి.

అలిపిరి మెట్టు
పూయదు. ప్రయత్నం కూడా మానేశాను. మీ ఊరు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది. మాకు జనవరి రాత్రి కూడా 18 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది, ఆ చలి రెబూషియాకు చాలదు. అందుకే కవితగారికి చెప్పేది, ఇక్కడి ఎండకు పూసేవే పెంచండి. చలి లేకపోయినా ఎండు నిద్ర ఇస్తే చాలు అనే జాతులు చాలా ఉన్నాయి.

చిత్తూరు బంగినపల్లి
19-19-19 మానేయండి. నత్రజని ఎక్కువైతే ఒళ్ళు ఉబ్బుతుంది, మొగ్గ రాదు. పూతకు భాస్వరం, పొటాష్ కావాలి. ఫిబ్రవరి చివర నుంచి నత్రజని లేని 0-52-34 లీటరుకు ఒక గ్రాము, నెలకోసారి, అది కూడా మట్టి తడిగా ఉన్నప్పుడే.

పాకాల పద్మ
పొటాష్‌కి కట్టెల బూడిద వేస్తే సరిపోతుంది కదా? డబ్బు పెట్టి కొనడం ఎందుకు?

చిత్తూరు బంగినపల్లి
బూడిదలో సున్నం ఎక్కువ పద్మగారూ. మన బోరు నీళ్ళు అసలే ఉప్పు. కుండీ అంచున, మట్టి మీద తెల్లగా పొరలా పేరుకుంటుందే, అదే. బూడిద కూడా వేస్తే మట్టి ఇంకా చౌడు అవుతుంది. కాక్టస్‌కి కొంచెం పులుపు వైపు ఉన్న మట్టి నచ్చుతుంది, లేకపోతే వేరు ఎరువును తీసుకోలేదు. వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా పనికొస్తాయి. ఆర్వో మిషన్ బయటకు వదిలే నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

మిద్దెతోట రాజు
మట్టి విషయం వదిలేశారు. కొబ్బరి పొట్టు తీసేయాలి. తడిస్తే రోజుల తరబడి ఆరదు, పూర్తిగా ఎండితే రాయిలా బిగిసి నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి. నా మిశ్రమం: ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన ఎరువు ఒక పాలు, గరుకు రాళ్ళు రెండు పాళ్ళు. గరుకు రాళ్ళంటే ఇసుక జల్లెడ పట్టగా పైన మిగిలేవి, ఇల్లు కట్టేచోట దొరికే బేబీ చిప్స్ అనే సన్న కంకర, ఇటుక ముక్కలు. కింద పడిన సన్న ఇసుక వాడొద్దు, అది సిమెంటులా పట్టేస్తుంది. నీళ్ళు పోస్తే పది లెక్కపెట్టేలోపు కిందికి దిగిపోవాలి.

కుండీ మార్చాక వారం దాకా నీళ్ళు వద్దు. తెగిన వేర్లు మానాలి.

శ్రీకాళహస్తి ఎండ
ఈ చర్చలో అందరూ ఎండ కావాలి అంటారేమోనని ముందే చెప్తున్నా. ఎండ కావాలి, నిజమే, రోజుకు ఐదారు గంటలు. కానీ కత్తిరి ఎండల్లో కాదు. నేను నీడలో పెరిగిన చెట్లను ఏప్రిల్‌లో ఒక్కసారిగా మిద్దె మీద పెట్టాను. మూడో రోజుకి పడమటి వైపు ఒళ్ళంతా తెల్లగా కాలిపోయింది. ఆ మచ్చ పోదు, చచ్చేదాకా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండను యాభై శాతం ఆపే గ్రీన్ నెట్ కట్టాల్సిందే.

ఆ రెండు నెలల్లో నీళ్ళు కూడా పొద్దున పోయకండి. ఎండకు కుండీలో నీళ్ళు కాగి వేర్లు ఉడికిపోతాయి. పొద్దు గుంకాక పోయాలి. కాక్టస్ గాలి పీల్చుకునేది కూడా రాత్రే, పగలు రంధ్రాలు మూసుకుని నీటిని కాపాడుకుంటుంది.

కొర్లగుంట కవిత
ఇన్నాళ్ళూ నేను చేసిందంతా తలకిందులే అన్నమాట. అందరికీ రుణపడి ఉంటాను. బ్రహ్మకమలం గురించి ఎవరూ చెప్పలేదు. దానికి కూడా రెండు నెలలు నీళ్ళు ఆపాలా? మా అత్తమ్మ చూడాలనుకుంటున్నది ఆ పువ్వే.

రిటైర్డ్ బాటనీ మాస్టారు
ఆపకూడదమ్మా. అక్కడే చాలామంది పొరపాటు పడతారు. మన ఇళ్ళలో బ్రహ్మకమలం అని పిలిచేది ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. అది నిజంగా కాక్టస్ కుటుంబమే, కానీ ఎడారిది కాదు. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పాకుతూ పెరుగుతుంది. మీ పిన్నిగారు ఇచ్చింది ఆకు కాదు, బల్లపరుపుగా మారిన కాండం. అందుకే దాని అంచున గంట్లు ఉంటాయి, మొగ్గ ఆ గంటు నుంచే వస్తుంది.

చెట్టు నీడలో పెరిగే జాతి కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండ పడకూడదు. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు చాలు. మట్టి కొంచెం చెమ్మగా ఉండాలి, ఆకుల ఎరువు ఉండాలి. దీనికి కొబ్బరి పొట్టు కొంత కలపొచ్చు. చలికాలంలో నీళ్ళు తగ్గించాలి, పూర్తిగా మానకూడదు. కుండీ మరీ పెద్దది పెట్టకండి, వేర్లు కాస్త ఇరుగ్గా ఉంటేనే పూతకు వస్తుంది. నాటి ఎన్నేళ్ళయింది?

కొర్లగుంట కవిత
మూడేళ్ళు సార్. పడమటి గోడ దగ్గర పెట్టాను. కాండాలు పసుపు తిరిగాయి.

రిటైర్డ్ బాటనీ మాస్టారు
పూతకు వచ్చే వయసే. తూర్పు వైపు మార్చండి.

భక్తి మార్గం
బ్రహ్మకమలం హిమాలయాల్లో పూసే పవిత్ర పుష్పం. దాన్ని కాక్టస్ అంటారేమిటి?

రిటైర్డ్ బాటనీ మాస్టారు
హిమాలయాల్లో పూసేది వేరే మొక్క, సాసూరియా ఆబ్వల్లాటా. అది పొద్దుతిరుగుడు కుటుంబానిది. తిరుపతి వేడికి అది బతకదు. పేరు ఒకటే కావడంతో ఈ గందరగోళం. మా ఇంట్లో ఎపిఫిల్లమ్ పూసిన రాత్రి మేమూ దీపం పెట్టి హారతి ఇస్తాం. ఏ కుటుంబానిదైనా ఆ వాసన, ఆ తెలుపు చూస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

పీలేరు సుధ
డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టస్సే. దానికి 2021లో గుజరాత్ ప్రభుత్వం కమలం అని పేరు పెట్టింది. కాక్టస్‌లకీ కమలానికీ ఏదో బంధం ఉంది!

ముళ్ళకంప
సుధ మాట మీద గుర్తొచ్చింది. కవితగారి ఎర్ర టోపీ చెట్టుకు కింద ఉన్న పచ్చ కాడ డ్రాగన్ ఫ్రూట్ జాతిదే. పైన ఉన్న ఎర్ర ముద్దలో పత్రహరితం లేదు, సొంతంగా తిండి చేసుకోలేదు, అందుకే అంటుకట్టి బతికిస్తారు. సాధారణంగా రెండు మూడేళ్ళు ఉంటుంది. కింది కాడకు వెలుగు కావాలి, పై ముద్ద ఎండకు కాలిపోతుంది. పలచటి నీడలో పెట్టండి. అది పోతే మీరు చంపారని బాధపడొద్దు.

చంద్రగిరి కోట
ఇన్ని తంటాలు లేకుండా పూసేది మన నాగజెముడు. మా చిన్నప్పుడు కంచె నిండా పసుపు పూలు, ఎర్ర పండ్లు. పండు తిని నాలుక ఎర్రగా చేసుకునేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడా కనిపించదు.

రిటైర్డ్ బాటనీ మాస్టారు
పేరులో జెముడు ఉన్నా అది కాక్టస్సే, అది కూడా అమెరికా నుంచి వచ్చిందే. పొలాలను ఆక్రమిస్తోందని 1926లో దాన్ని తినే ఒక పురుగును దక్షిణ భారతానికి తెచ్చి వదిలారు. తెల్ల దూదిలా అంటుకుని ఉండి, నలిపితే ఎర్ర రంగు వస్తుంది. చాలావరకు అదే నాశనం చేసింది. పెంచాలనుకుంటే మట్టలోని సన్న నూగు ముళ్ళతో జాగ్రత్త, చర్మంలో దిగితే కనపడవు.

పాకాల పద్మ
తెల్ల దూది అంటే గుర్తొచ్చింది, నా మామిల్లేరియా ముళ్ళ సందుల్లో కూడా ఉంది. ఇదేనా?

మిద్దెతోట రాజు
మీది పిండినల్లి అయ్యుంటుంది. చెవిపుల్ల దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కోదాన్ని తుడవండి, వారానికోసారి మూడు వారాలు. సాయంత్రం చేయండి, స్పిరిట్ తడితో ఎండలో పెడితే చర్మం కాలుతుంది. తగ్గకపోతే కుండీలోంచి తీసి వేర్లు చూడండి, అక్కడ కూడా దాక్కుంటుంది.

భక్తి మార్గం
మాస్టారు చెప్పింది తెలుసుకున్నాను. కానీ ముళ్ళ మొక్కలు ఇంట్లో ఉండకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

అలిపిరి మెట్టు
మా అమ్మ కూడా అలాగే అనేది. గడప దగ్గర, పిల్లలు తిరిగే చోట ముళ్ళు వద్దన్న మాటలో న్యాయం ఉంది. అందుకే నావన్నీ మిద్దె మీదే. గులాబీకి మాత్రం ముళ్ళు లేవా అని నాయన అడిగితే అమ్మ నవ్వి ఊరుకునేది. కవితగారూ, అత్తమ్మతో వాదం పెట్టుకోకండి. ఒక్కసారి పూస్తే చాలు.

కొర్లగుంట కవిత
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. దీపావళి లోపే మట్టి మార్చాను. షీటు కొనలేక పాత షవర్ తలుపు అద్దం లాంటిది దొరికితే కుండీల పైకప్పుగా ఇటుకల మీద నిలబెట్టాను. డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 12 దాకా నీళ్ళు పోయలేదు. జనవరిలో మామిల్లేరియాలు ముడుచుకుపోయి చిన్నవైపోతే భయమేసింది, చెంబు పట్టుకుని మిద్దె ఎక్కి మళ్ళీ దిగిపోయాను. ఇప్పుడు ఒకదాని నెత్తి చుట్టూ ఎర్రటి చుక్కలు వచ్చాయి. ఇవి మొగ్గలా, కొత్త ముళ్ళా?

ముళ్ళకంప
ముళ్ళ గుత్తుల మధ్య సందుల్లో ఉన్నాయా, గుత్తి కొసన ఉన్నాయా? మామిల్లేరియా మొగ్గ సందులోంచే వస్తుంది.

కొర్లగుంట కవిత
సందుల్లోనే! లెక్కపెట్టాను, పద్నాలుగు.

ముళ్ళకంప
మొగ్గలే. కుండీని కదపకండి, తిప్పకండి. మట్టి ఆరాకే నీళ్ళు పోయండి, మొగ్గల మీద పడనివ్వకండి.

మదనపల్లె చలిగాలి
పద్నాలుగా! మొదటిసారికి నాకు మూడే వచ్చాయి. సంతోషం తల్లీ.

కొర్లగుంట కవిత
అన్నీ విచ్చుకున్నాయి. పొద్దున పదకొండుకు తెరుచుకుని సాయంత్రం ముడుచుకుంటున్నాయి. అత్తమ్మ మోకాళ్ళ నొప్పితో మిద్దె ఎక్కి ఆరు నెలలైంది. నిన్న గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, కుర్చీ వేయించుకుని అరగంట కూర్చుంది. ఏమీ అనలేదు.

కొర్లగుంట కవిత
జూలై. బ్రహ్మకమలానికి నాలుగు మొగ్గలు, కిందికి వేలాడుతున్నవి నిన్నటి నుంచి కొక్కెంలా పైకి తిరిగాయి. మాస్టారూ, ఇంక ఎన్ని రోజులు?

రిటైర్డ్ బాటనీ మాస్టారు
పైకి తిరిగి ఉబ్బితే రెండు మూడు రోజులే. విచ్చుకునే రోజు సాయంత్రానికే మొగ్గ కొస వదులవుతుంది. ఎనిమిది గంటలకు మొదలై పదకొండుకల్లా నిండుగా విచ్చుకుంటుంది. తెల్లారేసరికి వాలిపోతుంది, కాబట్టి నిద్ర ఆపుకోండి.

కొర్లగుంట కవిత
మూడు పూశాయి, ఒకటి రేపటికి ఉంది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు అందరూ వచ్చారు. అత్తమ్మే హారతి ఇచ్చింది. వాళ్ళ చెల్లెలికి ఒక ముక్క కావాలట. పూసిన కాండాన్ని కోయొచ్చా?

అలిపిరి మెట్టు
పూసినదాన్ని వదిలేయండి, వచ్చే ఏడాది మళ్ళీ అందులో పూయొచ్చు. నిరుటి ముదురు కాండం ఇంకొకటి చూసి జానెడు ముక్క కోయండి. నీడలో వారం ఆరబెట్టి, కోసిన చోట పొర కట్టాక నాటమనండి. ఏది కింది వైపో గుర్తు పెట్టి ఇవ్వండి, తలకిందులుగా నాటకూడదు.